తెపె – తిప్ప: ఒక తుర్కీ పదము యొక్క పుట్టుకయు వ్యాప్తియు

పురావస్తు పరిశోధన గ్రంథములను చదువు తెలుగు పాఠకునకు ఒక మాట పదే పదే ఎదురగుచుండును. తుర్కీదేశమున గొబెక్లి తెపె, కుల్ తెపె, కరతెపె. ఇరానున తప్పె హిసార్, తప్పె సియల్క్, తప్పె యహ్యా. తుర్కమేనిస్తానమున ఆల్తిన్ దెపె, నమాజ్‌గా దెపె. ఆఫ్గనిస్తానమున తిల్లా తెపె. ఇవి యన్నియు మట్టిగుట్టల పేర్లు. వేలకొలది ఏండ్లు జనులు ఒకేచోట ఇండ్లు కట్టుకొని, అవి కూలగా వాని మీదనే మరల కట్టుకొనుటచే ఏర్పడిన మిట్టలివి. ఈ పేర్లయందు కనబడు తెపె, దెపె, తప్పె అను శబ్దమునకు కొండ, గుట్ట, దిబ్బ అని అర్థము.

ఈ శబ్దము తెలుగువాని చెవికి పరాయిదిగ తోపదు. మనకును తిప్ప కలదు, దిబ్బ కలదు. అర్థమొకటి, ధ్వని ఇంచుమించుగ నొకటి. ఇంత పోలిక కంటబడినపుడు ఇది మన మాటయే యని సంతసింపని భాషాభిమాని అరుదు. ఆ సంతసము నుండి, తుర్కులును ఆంధ్రులును ఒకనాడొక యింటివారే యను సిద్ధాంతమునకు దూరము మిక్కిలి కొద్ది. కావున ఈ పోలికను త్రోసివేయుటకు ముందును, అంగీకరించుటకు ముందును, తుర్కీ పదము ఎచట పుట్టినదో, ఏ దారుల నడచినదో, ఏ రూపములు దాల్చినదో తెలిసికొనుట యుక్తము. ఆ చరిత్రను సంగ్రహముగ చెప్పి, తుదకు తిప్ప కడకు వచ్చుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

1. ప్రాచీన రూపము

తుర్కీ భాషల తొలి విస్తృత లేఖనములు మంగోలియాలోని ఒర్ఖోన్ లోయయందలి శిలాశాసనములు. వానిలో కుల్ తెగిన్ శాసనము క్రీ. శ. 732 నాటిది, అతని అన్నయగు బిల్గె కగాను శాసనము 735 నాటిది. ఈ లిపిని డెన్మార్కు పండితుడు విల్హెల్మ్ థామ్సెన్ 1893లో ఛేదించెను. ఈ శాసనములందు మన పదము తొపు అను రూపమున కానవచ్చుచున్నది. ఇందలి ఒకారము మన ఒకారము కాదు. పెదవులను గుండ్రముగ చుట్టి ఎకారమును పలుకగా వెలువడు అచ్చు. తుది ఉకారమును అట్లే, పెదవులు చుట్టి పలికిన ఇకారము. తెలుగు లిపిలో వీనికి గుర్తులు లేవు గనుక తొపు అని వ్రాయుచున్నాను. పాఠకులు ఈ భేదమును మనసున నిలుపుకొనవలెను, ముందు దీనితో పని కలదు.

శాసనమున ఈ పదము వచ్చిన సందర్భము గమనింపదగినది. రాజుయొక్క తలిదండ్రులను ఆకాశదేవత నడినెత్తిన పట్టి పైకెత్తెనని అచట చెప్పబడినది. అనగా 8వ శతాబ్దిలో మనకు లభించు ఈ ప్రయోగమున తొపు అనునది గుట్ట కాదు, తల నడిమి భాగము. 11వ శతాబ్ది ఉత్తరార్ధమున బాగ్దాదు నగరమున మహమూద్ కాష్‌గరీ అను విద్వాంసుడు తుర్కీ మాటలకు అరబ్బీలో అర్థము చెప్పుచు రచించిన మహానిఘంటువునందును ఈ పదము చోటు చేసికొన్నది.

నెత్తి నుండి శిఖరమునకు, శిఖరము నుండి గుట్టకు అర్థము సాగుట వింత కాదు. మనుష్యుడు కొండను చూచి తన దేహమునే తలచుకొనును. మనము కొండనెత్తి అనుచున్నాము, కొండకొమ్ము అనుచున్నాము. వెల్ష్ భాషలో పెన్ అను మాటకు తల యనియు కొండకొన యనియు రెండర్థములు కలవు. తుర్కీ భాషలు ఈ రెండర్థములను నేటికిని విడువలేదు. సైబీరియా ఈశాన్యముననున్న సఖా భాషలో తొబొ యనగా తల. కిర్గిజ్ భాష ఒక్క పదమునే రెండుగ చీల్చుకొని, తొబొ యని నడినెత్తిని, దొబొ యని గుట్టను పిలుచుచున్నది. కజఖ్ భాషలో తొబె గుట్టయు నగును, నడినెత్తియు నగును, ఇంటి పైకప్పును నగును. తాతారు భాషలో తుబె అట్టిదే. తలపై ధరించు కుట్టుపని టోపీకి ఆ భాషలో తుబెతెయ్ అని పేరు వచ్చుట ఈ నెత్తి యను అర్థము చేతనే. ఆ పేరే రష్యను భాషకు చేరి త్యుబెతెయ్‌క అయ్యెను.

2. పడమటి దారి

తుర్కీ తెగలలో ఒఘుజు శాఖవారు 11వ శతాబ్దిలో పడమరకు కదలిరి. సెల్జూకులు 1040లో దందనఖాన్ యుద్ధమున గజనవీలను గెలిచి ఖురాసానును వశపరచుకొనిరి. 1071లో మంజికర్తు కడ బైజాంటియ చక్రవర్తి నోడించిరి. ఈ రెండు విజయముల నడుమ ముప్పది యొక్క సంవత్సరములలో ఇరానుకును ఆనటోలియాకును ద్వారములు తెరువబడెను. సేనలతోడ మందలును, మందలతోడ కాపరులును, కాపరులతోడ వారి మాటలును నడచినవి. సంచారజీవికి గుట్ట ముఖ్యమైన గుర్తు. దూరము చూచుటకు, మందను కనిపెట్టుటకు, వరదనీటికి దొరకకుండ గుడారము వేయుటకు గుట్టయే ఆధారము. కావున వారు పోయిన ప్రతి చోటను గుట్టలకు పేర్లు పెట్టుట సహజము.

ఈ శాఖయందే మన పదమునకు గొప్ప మార్పు కలిగెను. పెదవులు చుట్టి పలుకు అచ్చులు రెండును చుట్టు విడిచి ఎకారములైనవి. తుర్కమేను భాషలో తొలి తకారము దకారమై దెపె అయ్యెను. ఆనటోలియాలోని పాత తుర్కీ గ్రంథములందును దెపె రూపము తఱచు. నేటి తుర్కీలో తెపె స్థిరపడినది. అజర్‌బైజాను భాషలోని రూపమును దీనికి చేరువయే. తూర్పున కజఖులును కిర్గిజులును గుండ్రని అచ్చును నిలుపుకొనిరి. అందుచేతనే ఒకే అర్థము గల ఊరిపేరు తూర్పున అక్‌తొబె అనియు, పడమట అక్‌తెపె అనియు ఉండును, రెండును తెల్లగుట్టలే. కజఖ్‌స్తానములోని అక్‌తొబె నగరము 1869లో రష్యనులు నిర్మించిన కోట చుట్టు పెరిగినది. తుర్కమేను రూపము యుద్ధచరిత్రకు నెక్కినది: 1881 జనవరిలో స్కోబెలెవ్ సేనాని పట్టుకొన్న గోక్ దెపె కోట పేరునకు నీలిగుట్ట యని అర్థము.

ఉస్మానీ తుర్కులతో ఈ పదము ఐరోపాలో కాలుపెట్టెను. బల్గేరియాలోని ప్లోవ్‌దివ్ నగరము ఏడు గుట్టలపై వెలసినదని ప్రసిద్ధి. ఆ గుట్టలను నేటికిని ఆ నగరవాసులు తెపె యనియే పిలుచుచున్నారు. స్లావు భాషాపద్ధతిని దానికి బహువచన ప్రత్యయము చేర్చి తెపెత అందురు. నెబెత్ తెపె యను గుట్టపై తుర్కులు రాకమునుపు ఎన్నియో శతాబ్దుల నుండి జనులు వసించిరి. ఏడు గుట్టలలో ఒకటియగు మార్కొవొ తెపె రాతి కొఱకు త్రవ్వబడి 20వ శతాబ్దిలో మాసిపోయెను. గుట్ట పోయినను పేరు మిగిలినది. ఉస్మానీ పాలన ముగిసినను మాట మిగిలినది.

3. పారసీకమున

ఇరానున ఈ పదము తప్పె యయ్యెను. ఇందు రెండు విశేషములు కలవు: తొలి అచ్చు అకారమునకు దగ్గరైనది, పకారము ద్విత్వమైనది. పారసీకమునకు గుట్టను చెప్పు స్వంత మాటలు లేకపోలేదు. కోహ్ కలదు, పుష్తె కలదు. ఐనను జనావాసముల వలన నేర్పడిన మట్టిగుట్టకు తప్పె విశేషముగ వాడుకలోనికి వచ్చెను. దేశమంతట ఒకే తీరున రాలేదు. దక్షిణమున ఫార్స్ సీమయందు తల్ అను మాట బలముగ నిలిచినది. తలె బాకూన్, తలె మల్యాన్ అను పేర్లు ఇందుకు సాక్ష్యము. మల్యాన్ ప్రాచీన అన్షాను నగరము. ఖూజిస్తానమున చోఘా యను మాట కానవచ్చును. చోఘా జంబీల్ ప్రసిద్ధము. అరబ్బు దేశములందు తల్ల్ కలదు. దీనికి అక్కదు భాషలోని తిల్లు పూర్వరూపము. తిల్లు, తొపు అను రెండును తకారముతో మొదలగుటయు, రెండును దిబ్బయే యగుటయు కాకతాళీయములు; ఒకటి సెమిటికు, ఒకటి తుర్కీ.

పదము పరభాషలో ఎంత లోతుగ నాటుకొన్నదో తెలిసికొనుటకు దాని స్థానమును చూడవలెను. తుర్కీలో విశేషణము ముందు, విశేష్యము తరువాత: కుల్ తెపె యనగా బూడిద దిబ్బ, ఆల్తిన్ దెపె యనగా బంగారు దిబ్బ. తెలుగు క్రమమును ఇదియే. పారసీకమున విశేష్యము ముందు వచ్చును. కావుననే తప్పె హిసార్, తప్పె సియల్క్. ఉత్తర ఇరాకులోని తెపె గౌర మరియొక వింత. గౌర యనగా కుర్దుభాషలో పెద్దది. తుర్కీ నామమునకు కుర్దు విశేషణము, కుర్దు క్రమమున. పేరు పెట్టిన కుర్దు పల్లెవాసికి తెపె యనునది అప్పటికే తన మాట యైనది. మాట ఒక భాషనుండి వేఱొక భాషకు అతిథిగ వచ్చినదా, కాపురము పెట్టినదా యనుటకు ఇంతకంటె మంచి గుర్తు లేదు.

4. పేరు పెట్టినవారు, కట్టినవారు

ఇచట ఒక హెచ్చరిక అవసరము. స్థలనామములను ఆస్తిపత్రములుగ చూపు అలవాటు లోకమున కలదు. పేరు మా భాషలో నున్నది గనుక నేల మాది, కట్టినవారు మావారు అని వాదించుట అన్ని దేశములందును వినబడుచున్నది. తెపె చరిత్ర ఈ వాదమునకు చక్కని ప్రత్యుత్తరము.

గొబెక్లి తెపె యనగా బొజ్జ గల గుట్ట. క్లాస్ ష్మిట్ అను జర్మను పండితుడు 1995లో అచట త్రవ్వకములు ప్రారంభింపగా, క్రీ. పూ. 9500 ప్రాంతమున నిలిపిన మహాశిలాస్తంభములు బయల్పడెను. 2018లో యునెస్కో దానిని ప్రపంచవారసత్వ స్థలముగ గుర్తించెను. తుర్కులు ఆనటోలియాకు వచ్చినది క్రీ. శ. 11వ శతాబ్దిలో. స్తంభములు నిలిపినవారికిని, గుట్టకు బొజ్జను ఊహించినవారికిని నడుమ పదివేల యేండ్లకు పైబడిన ఎడమున్నది. కుల్ తెపె క్రింద దొరికిన నగరము పేరు కనేష్. అస్సూరు వర్తకులు క్రీ. పూ. 2వ సహస్రాబ్ది ఆరంభమున అచట వ్యాపారము చేసి, ఇరువదివేలకు మించిన మట్టిపలకలపై తమ లెక్కలును లేఖలును విడిచిపోయిరి. 1925లో హ్రోజ్నీ పండితుడు ఆ పలకల చోటును కనుగొనెను. కనేషు ప్రజలకు తమ యూరు బూడిద దిబ్బ కాగలదని తెలియదు; బూడిద దిబ్బ యని పిలిచిన రైతునకు అది కనేషని తెలియదు. తిల్లా తెపె యనగా బంగారు గుట్ట. 1978లో సరియనిది బృందము అచట త్రవ్వగా ఆరు సమాధులలో ఇరువదివేలకు పైగా బంగారు వస్తువులు లభించెను. అవి క్రీస్తుశకారంభ కాలపు సంచారరాజకుటుంబపు సొత్తు. పేరు మాత్రము ఎంతో తరువాతిది.

మనదేశమున సైతము ఇట్లే జరిగినది. అమరావతి స్తూపము శిథిలమై మట్టి క్రింద నుండగా, ఊరివారు దానిని దీపాలదిన్నె యనిరి. బౌద్ధస్తూపమను జ్ఞాపకము ఆ పేరునందు లేదు. నాటి మహబూబునగరము జిల్లాలోని ఉట్నూరు కడ గల బూడిద దిబ్బను ఆల్చిన్ పండితుడు 1957లో త్రవ్వి, అది నవీనశిలాయుగపు పశుపాలకుల మందదొడ్డి యనియు, పేడ పోగులు మాటిమాటికి కాలుటచే బూడిద పేరుకొన్నదనియు నిరూపించెను. హంపికి చేరువనున్న నింబాపురమునందలి బూడిద దిబ్బను వాలి దహనభస్మమని జనులు చెప్పుదురు. కుల్ తెపె, బూడిద దిబ్బ: ఒకదానికొకటి అక్షరాల అనువాదములు. ఐనను ఒకరి నుండి ఒకరు నేర్చినది లేదు. బూడిదను చూచిన రెండు జాతులవారు బూడిద యనియే అనిరి. మానవబుద్ధి ఒకేరీతిని పనిచేయుననుటకే ఇది దృష్టాంతము.

5. తిప్ప మాట

ఇక మనము ఆరంభించిన ప్రశ్నకు రావలెను. ద్రావిడభాషలు సిథియను కుటుంబమునకు చేరువయైనవని, అనగా తుర్కీ, ఫిన్ను మొదలగు భాషలకు బంధువులని 1856లో కాల్డ్వెల్ తన తులనాత్మక వ్యాకరణమున ప్రతిపాదించెను. ఆయన వాదమునకు బలము లేకపోలేదు. ప్రత్యయములను వరుసగ అతికించుకొనుట, క్రియ వాక్యాంతమున నిలుచుట, విశేషణము ముందుండుట ఉభయత్ర సమానములు. తెలుగున హరికి, శంభునకు అని ప్రత్యయపు అచ్చు ముందటి అచ్చును బట్టి మాఱుట తుర్కీలోని అచ్చుల పొందికను తలపించును. అట్టిచోట తెపె – తిప్ప వంటి జంట దొరకుట ఎంత మనోహరమో చెప్పనక్కఱలేదు.

కాని బంధుత్వమునకు ఒక పరీక్ష కలదు. రెండు పదములు ఒక తల్లి బిడ్డలైనచో, కాలమున వెనుకకు పోయినకొలదియు అవి దగ్గర కావలెను. ఈ జంటను ఆ పరీక్షకు నిలుపుదము. తెపెలోని ఎకారము తిప్పలోని ఇకారమునకు సన్నిహితము. కాని ఆ ఎకారము ఒఘుజు శాఖలో తరువాత వచ్చినది, ప్రాచీనమైనది గుండ్రని అచ్చు. తప్పెలోని ద్విత్వము తిప్పలోని ద్విత్వమును పోలును. కాని ఆ ద్విత్వము పారసీకమున కలిగినది, తొపులో పకారమొక్కటియే. దెపెలోని దకారము దిబ్బలోని దకారమును పోలును. కాని తుర్కీలో అది తకారమునుండి పుట్టినది, ద్రావిడమునను పదాదిని సరళములు ప్రాచీనములు కావు. అనగా పోలికను కలిగించు ప్రతి అంశమును ఆధునికము. వెనుకకు పోయినకొలది పోలిక తఱుగుచున్నదే కాని పెరుగుట లేదు.

అర్థమును ఇట్లే విడిపోవుచున్నది. తుర్కీ పదమున నడినెత్తి మొదటినుండియు కలదు. తెలుగు తిప్ప యనగా మిట్ట, ఇసుకమేట, నీటి నడుమ లేచిన ఎత్తునేల. దిబ్బ యనగా పోగు, పెంటపోగు. కన్నడమున తిప్పె యనగా పెంటదిబ్బయే. తమిళమున తిప్పై యనగా మెరకనేల. వీనిలో ఎచటను తల లేదు. మన పదముయొక్క మూలార్థము కుప్ప. వారి పదముయొక్క తొలి ఆధారము శిరస్సు. ఒకటి క్రిందినుండి పైకి పేరుకొన్నది. మరియొకటి పైనుండి క్రిందికి దిగినది. రెండును దిబ్బ కడ కలిసికొన్నవి.

బంధుత్వము కాక ఎరవు ఏల కారాదని అడుగవచ్చును. తుర్కీ మాటలు తెలుగునకు రాలేదా? వచ్చినవి. గోలకొండ కుతుబ్‌షాహీ వంశమునకు మూలపురుషుడగు సుల్తాన్ కులీ హమదాను ప్రాంతపు కరాకొయున్లు తుర్కమేను. అతని పేరులోని కులీ శబ్దమునకు మూలము దాసుడను అర్థము గల తుర్కీ పదము. తుపాకి, చాకు వంటి మాటలు పారసీకము ద్వారమున మనకు వచ్చిన తుర్కీ మాటలు. ఉర్దూ యను భాషానామమే దండు విడిసిన చోటు అను తుర్కీ పదము. ఐనను ఇవి కొత్త ఆయుధములు, కొత్త పనిముట్లు, కొత్త పాలనాపద్ధతులు. వస్తువు కొత్తదైనపుడు మాట దానివెంట వచ్చును. కొండ తెలుగునేలకు కొత్తది కాదు. కొండ, గుట్ట, మిట్ట, మెట్ట, తిప్ప, దిబ్బ, దిన్నె యని ఎత్తునకును ఆకృతికిని తగినట్లు మాటలు కలవారికి తెపెతో పనిలేదు. అదియు గాక, తమిళ కన్నడములందు తోబుట్టువులు గల పదము గోలకొండ సుల్తానులు తెచ్చినది కాజాలదు.

6. ఫలితము

బరో, ఎమెనో పండితుల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1961లోను, దాని రెండవ కూర్పు 1984లోను వెలువడినవి; క్లాసన్ పండితుని ప్రాచీన తుర్కీ నిఘంటువు 1972లో వెలువడినది. నేడు ఉభయపక్షముల ఆధారములును బల్లమీద నుంచుకొని పరిశీలించు సౌకర్యము కలదు. కాల్డ్వెలునకు ఆ సౌకర్యము లేదు. ఒర్ఖోన్ శాసనములు చదువబడినది ఆయన మరణించిన రెండేండ్లకు. కావున ఆయనను నిందింపవలదు. ఆయన తరువాతి ఆధారములను చూడకుండ ఆయన మాటలనే వల్లించువారిని మాత్రము మందలింపవచ్చును. ద్రావిడములకును తుర్కీకిని దూరపు చుట్టరికము కలదా లేదా యనునది ఈ ఒక్క జంటతో తేలదు. తేలినదొక్కటి: ఈ జంట అందుకు సాక్ష్యము కాదు.

ఇందుచే మనకు నష్టమేమియు లేదు. తిప్ప పరాయి పదము కాదని స్థిరపడినది. తెపెకు తనదైన గొప్ప చరిత్ర యున్నదని తెలిసినది. మంగోలియా మైదానమున రాతిపై నడినెత్తిగ చెక్కబడిన మాట, కాపరుల వెంట నడచి, పన్నెండు వందల యేండ్లలో సఖా మంచునేల నుండి ప్లోవ్‌దివ్ వీధుల వరకు గుట్టలకు పేరై, టోపీకి పేరై, ఇంటికప్పునకు పేరై నిలిచినది. మన తిప్పలును దిబ్బలును ఊరూర కలవు. వాని పేర్లను పల్లెప్రజల నోట వినియు, పాత దస్తావేజులు చూచియు, రూపభేదములతో సహా సేకరించి అర్థనిర్ణయము చేయు పని ఇంకను మిగిలియున్నది. దిబ్బను చదును చేసి పొలము కలుపుకొన్ననాడు దానితోడ పేరును పోవును. ప్లోవ్‌దివ్ గుట్టవలె పేరైన మిగులునను భరోసా అంతట నుండదు. ఆ పని చేయువారికి చెవి పోలికకంటె కాలక్రమము మీద ఎక్కువ గుఱి యుండవలెనని మనవి.